క్రియాటినిన్ నార్మల్ వస్తే మూత్రపిండాలు క్షేమమేనా?

“క్రియాటినిన్ నార్మలే వచ్చె సార్, ఇంగ కిడ్నీలకు భయం ల్యాదు గదా?”

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో మధుమేహ రోగుల నోట నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. పదవీ విరమణ చేసి ఏళ్ళు గడిచినా పెళ్ళి పందిట్లోనో బస్టాండులోనో ఎదురుపడినవారు జేబులోంచి మడత పెట్టిన రిపోర్టు తీసి ఇప్పటికీ ఇదే అడుగుతున్నారు. “ఈ ఒక్క కాగితంతో చెప్పలేము. మూత్రంలో అల్బుమిన్ చూపించారా?” అని నేను తిరిగి అడుగుతాను. నూటికి తొంభై మంది దగ్గర ఆ రిపోర్టు ఉండదు. పదేళ్ళ ఫైలు తెచ్చినవారి దగ్గర కూడా ఉండదు. షుగర్ రిపోర్టులు కట్టలుకట్టలుగా ఉంటాయి, కొలెస్ట్రాల్ ఉంటుంది, థైరాయిడ్ ఉంటుంది, ఈమధ్య విటమిన్ డి కూడా తప్పకుండా ఉంటోంది. ఉండవలసిన ఆ ఒక్కటి మాత్రం ఉండదు.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో మధుమేహంతో జీవిస్తున్నవారు 10 కోట్ల పైచిలుకు అని అందులో లెక్క తేలింది. వీరిలో నూటికి 20 నుంచి 40 మందికి ఏదో ఒక దశలో మూత్రపిండాలు దెబ్బతింటాయి. కనుక ఇది ఎవరో కొద్దిమందికి వచ్చే అరుదైన జబ్బు కాదు. మీ ఇంట్లో ఇద్దరు ముగ్గురు మధుమేహులుంటే వారిలో ఒకరి సంగతి ఇది.

క్రియాటినిన్ అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. కండరాలు పనిచేసే క్రమంలో నిత్యం పుట్టే వ్యర్థ పదార్థం అది. దానిని రక్తంలోంచి వడగట్టి మూత్రంలోకి పంపడం మూత్రపిండాల పని. పనితనం తగ్గితే అది రక్తంలో పేరుకుంటుంది. 1886లో మాక్స్ యాఫే అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు క్రియాటినిన్‌కు పిక్రిక్ ఆమ్లం కలిపితే నారింజ రంగు తేలుతుందని కనిపెట్టాడు. నేటికీ మన ఊళ్ళలోని చాలా ల్యాబులలో కొలత ఆ రంగును బట్టే జరుగుతోంది. చవకైనది, ఉపయోగమైనది. దానిని తీసిపారేయమని నేను అనడం లేదు.

అయితే ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల సూక్ష్మమైన జల్లెడలు ఉంటాయి. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం వాటిగుండా వడకడుతుంది. మధుమేహం మొదలైన తొలి ఏళ్ళలో ఈ జల్లెడలు అలసిపోకపోగా ఉండవలసిన దానికంటే ఎక్కువగా పనిచేస్తాయి. లోపల ఒత్తిడి పెరుగుతుంది, జల్లెడ గోడలు మందమవుతాయి, రంధ్రాలు సాగి అల్బుమిన్ అనే మాంసకృత్తు కొద్దికొద్దిగా మూత్రంలోకి కారడం మొదలవుతుంది. కొన్ని జల్లెడలు మూతబడితే మిగిలినవి ఆ భారం నెత్తిన వేసుకుంటాయి. అందువలన దాదాపు సగం పనితనం పోయేదాకా క్రియాటినిన్ నార్మల్ హద్దు దాటకపోవచ్చు. జల్లెడ చిల్లులు పడుతున్న సంగతి మూత్రానికి తెలిసిన చాలా ఏళ్ళకు గాని రక్తానికి తెలియదు. డెన్మార్క్‌కు చెందిన మోగెన్‌సెన్ అనే వైద్యుడు 1984లోనే దీనిని ఎత్తిచూపాడు. మామూలు మూత్ర పరీక్షకు అందనంత స్వల్పంగా అల్బుమిన్ పోతున్న పెద్దవయసు మధుమేహులకే తరువాతి ఏళ్ళలో మూత్రపిండాల జబ్బు ముదురుతున్నదని, వారే ముందుగా మరణిస్తున్నారని లెక్కలతో చూపాడు. నలభై ఏళ్ళు గడిచాయి. ఆ పరీక్ష మన తాలూకా ఊళ్ళ ఫైళ్ళలోకి ఇంకా రాలేదు.

ఇక ‘నార్మల్’ అనే మాటలో దాగిన రెండో చిక్కు. రిపోర్టులో క్రియాటినిన్ 1.1 అని ఉంది, పక్కన హద్దు 1.2 దాకా అని అచ్చయి ఉంది అనుకోండి. ముప్పై ఏళ్ళ యువకునికి ఆ 1.1 వస్తే, నేడు వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం అతని మూత్రపిండాల వడపోత వేగం నిమిషానికి సుమారు 93 మిల్లీలీటర్లు. భేషుగ్గా ఉన్నట్టే. అదే 1.1 అరవై ఎనిమిదేళ్ళ స్త్రీకి వస్తే ఆమె వేగం సుమారు 55. ఇది మూడు నెలలకు పైగా అలాగే ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి మూడో దశలో ఉన్నట్టు లెక్క. అంకె ఒకటే, హద్దు ఒకటే, ఇద్దరికీ నార్మల్ అనే కాగితమే చేతికి వస్తుంది. వయసును, స్త్రీపురుష భేదాన్ని కలిపి లెక్కగట్టే ఈ వేగాన్నే ఈజీఎఫ్‌ఆర్ అంటారు. దానికి వేరే రక్తం అవసరం లేదు, అదనపు ఖర్చూ లేదు, గుణకారం చేస్తే చాలు. చాలా ల్యాబులు దానిని అచ్చువేయడం లేదు. వేయమని అడగండి.

మన నేల మీద ఇంకొన్ని మెలికలున్నాయి. క్రియాటినిన్ కండరాలలో పుడుతుంది గనుక కండ తక్కువైన ముసలివారిలో, బక్కచిక్కినవారిలో అది సహజంగానే తక్కువగా ఉండి జబ్బును దాచిపెడుతుంది. మరోవైపు, ముందురోజు రాత్రి సంగటిలోకి పొట్టేలు మాంసం దండిగా తిని ఉదయాన్నే రక్తం ఇస్తే అది కాస్త పెరుగుతుంది. మే నెల ఎండలో చేనిలోనో చీనీ తోటలోనో పనిచేసి నీళ్ళు చాలక వచ్చినవారికీ పెరుగుతుంది. అందుకే ఒక్క రిపోర్టు చూసి సంబరపడడం, గుండెలు బాదుకోవడం రెండూ తగవు.

మూత్ర పరీక్ష సంగతికి వస్తాను. దీని పూర్తి పేరు మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి. ఇరవైనాలుగు గంటల మూత్రం క్యాను నింపనక్కరలేదు. ఉదయం లేవగానే పోసిన మొదటి మూత్రం చిన్న సీసాలో చాలు. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు అల్బుమిన్ ఉంటే మంచిది. 30 నుంచి 300 దాకా ఉంటే జల్లెడ కారుతున్నట్టు. 300 దాటితే బాగా దెబ్బతిన్నట్టు. జ్వరం, మూత్రంలో చీము, నెలసరి, ముందురోజు విపరీతమైన శ్రమ, అదుపు తప్పిన బీపీ, ఆకాశాన్నంటిన షుగర్, వీటిలో ఏది ఉన్నా అంకె అబద్ధంగా పెరుగుతుంది. కాబట్టి మూడు నుంచి ఆరు నెలల వ్యవధిలో మూడుసార్లు చేసి, రెండుసార్లు ఎక్కువ వస్తేనే నిర్ధారణ చేయాలి. స్ట్రిప్పు ముంచి ‘ఆల్బుమిన్ నిల్’ అని రాసే పాత పరీక్ష దీనికి సాటి రాదు. తొలిదశలో కారే కొద్దిపాటి అల్బుమిన్ ఆ స్ట్రిప్పుకు అందదు.

అయితే మూత్రం ఒక్కటే చూసినా చాలదు. టైప్ 2 మధుమేహులలో కొందరికి అల్బుమిన్ కారకుండానే వడపోత వేగం పడిపోతుంది. అందుకే మధుమేహం బయటపడిన నాటి నుంచే, ఏడాదికి ఒకసారి, రెండూ కలిపి చూడాలి. టైప్ 2 మధుమేహం బయటపడే నాటికే అది శరీరంలో కొన్నేళ్ళుగా ఉండి ఉంటుంది గనుక ‘ఐదేళ్ళు పోనీ’ అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు కొత్త మార్కర్ల విషయం. పట్టణాలలో ‘సంపూర్ణ కిడ్నీ ప్యాకేజీ’ అనే బోర్డులు వెలుస్తున్నాయి. పాఠకులు నన్ను వీటి గురించి అడుగుతున్నారు గనుక నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను.

సిస్టాటిన్ సి నిజంగా మంచి పరీక్షే. అది కండరాల మీద ఆధారపడదు. బక్కపలుచని వృద్ధులలో, కాలు తీసివేసిన మధుమేహులలో క్రియాటినిన్ మాట నమ్మదగనిది అనిపించినప్పుడు దీనిని చూడాలి. థైరాయిడ్ జబ్బు, స్టెరాయిడ్ మాత్రలు దీనిని కూడా తప్పుదారి పట్టిస్తాయి. అందరికీ ఏటేటా అవసరం లేదు.

టీఎన్‌ఎఫ్ గ్రాహకాలు 1, 2 అనే రెండు పదార్థాలు రక్తంలో ఎక్కువగా ఉన్న మధుమేహులకు మూత్రపిండాలు త్వరగా చెడిపోతున్నాయని 2012లో అమెరికాలోని జోస్లిన్ మధుమేహ కేంద్రం పరిశోధకులు చూపారు. అల్బుమిన్ ఎంత ఉన్నదన్న దానితో నిమిత్తం లేకుండానే అవి ముప్పును చెప్పగలగడం విశేషం. వాటికి కిమ్-1 అనే మరో మార్కర్‌ను, రోగి వివరాలను జోడించి ముప్పును లెక్కించే పరీక్షకు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కూడా ఇచ్చింది. ఇది మంచి విజ్ఞానం, సందేహం లేదు. మూత్రపిండాల జబ్బు కేవలం చక్కెర వలన కాక లోపలి వాపు వలన కూడా ముదురుతుందని మనకు నేర్పింది. కాని జమ్మలమడుగులో ఒక రైతుకు ఆ పరీక్షలో ‘ముప్పు ఎక్కువ’ అని వచ్చిందనుకుందాం. ఆయనకు ఏ వైద్యం చేస్తాము? బీపీ అదుపు, షుగర్ అదుపు, ఇప్పుడు ఉన్న మందులే. అల్బుమిన్ పరీక్షలో ఎక్కువ వచ్చినా చేసేది అదే. ఫలితం ఏదైనా చికిత్స మారనప్పుడు, చవకైన పరీక్షను చేయించకుండా ఖరీదైనదానికి పరుగెత్తడం ఎందుకు?

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది యూరిక్ యాసిడ్, హోమోసిస్టీన్‌ల వ్యవహారం. ఈ రెండూ ఎక్కువగా ఉన్నవారికి మూత్రపిండాల ముప్పు ఎక్కువని అనేక పరిశోధనలలో కనిపించింది. అక్కడి నుంచి ‘అయితే తగ్గించేద్దాం’ అనుకోవడం సహజం. పొగ కనిపించినచోట నిప్పు ఉంటుంది గాని, పొగను విసనకర్రతో తోలినంత మాత్రాన నిప్పు ఆరదు. దీనిని ఊహగా వదిలేయకుండా పరీక్షించి చూశారు. 2020లో రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. ఒకటి టైప్ 1 మధుమేహులు 530 మంది మీద, రెండోది మూత్రపిండ వ్యాధి ఉన్న 369 మంది మీద. అల్లోప్యూరినాల్ మాత్రతో యూరిక్ యాసిడ్ చక్కగా దిగింది. మూత్రపిండాల క్షీణత మాత్రం ఆగలేదు. గౌటు నొప్పి ఉన్నవారికి ఆ మాత్ర అవసరమే. నొప్పీ లేదు, రాయీ లేదు, కేవలం రిపోర్టులో 7.5 వచ్చిందని ‘కిడ్నీ కాపాడుకోవడానికి’ ఏళ్ళ తరబడి మింగేవారు మాత్రం తమ వైద్యునితో ఒకసారి మాట్లాడాలి.

హోమోసిస్టీన్ కథ మరీ ఘోరం. ఫోలిక్ యాసిడ్, బి6, బి12 కలిపి పెద్ద మోతాదులో ఇస్తే హోమోసిస్టీన్ తగ్గుతుంది. కెనడాలో మధుమేహం వలన మూత్రపిండాలు దెబ్బతిన్న 238 మందిలో సగం మందికి ఆ విటమిన్లు, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 2010లో ఫలితం ప్రచురించారు. విటమిన్లు తిన్నవారిలో హోమోసిస్టీన్ తగ్గింది, వారి మూత్రపిండాలు మాత్రం తినని వారికంటే వేగంగా పాడయ్యాయి. గుండెపోట్లు, పక్షవాతాలు కూడా వారిలోనే ఎక్కువ. ‘బలానికి బి కాంప్లెక్సు, నష్టమేముంది’ అనే మన ఊరి మాటకు ఇంతకంటే గట్టి జవాబు నాకు దొరకలేదు. ఒక్క వివరణ ఇవ్వాలి: మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారికి బి12 నిజంగానే తగ్గవచ్చు. పరీక్షలో తక్కువని తేలినప్పుడు దానిని భర్తీ చేయడం సరైన వైద్యమే. నేను కాదంటున్నది అవసరం చూడకుండా పెద్ద మోతాదు మాత్రలు మింగడాన్ని.

రక్త పరీక్షలలో మరో మోసకారి అంకె ఉంది. అది షుగరే. పదిహేనేళ్ళుగా అదుపులోకి రాని షుగర్ ఉన్నట్టుండి దిగివస్తుంది. ఇన్సులిన్ తగ్గించాల్సి వస్తుంది. “షుగరు దానంతట అదే తగ్గిపాయ సార్” అని సంతోషంగా వస్తారు. ఏదో ఆకు పసరు పనిచేసిందని ఇరుగుపొరుగుకు చెబుతారు కూడా. ఇన్సులిన్‌ను శరీరం నుంచి తొలగించే పనిలో మూత్రపిండాలకు పెద్ద వాటా ఉంది. అవి నీరసించినప్పుడు ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు రక్తంలో ఎక్కువసేపు నిలిచి షుగర్‌ను పడగొడతాయి. తిండి, శ్రమ, బరువు ఏమీ మారకుండా షుగర్ దానంతట అది తగ్గితే పండగ చేసుకోకండి, ఆ వారంలోనే మూత్రపిండాల పరీక్ష చేయించండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా ఈ దశలో నమ్మదగినది కాదు. రక్తహీనత, మూత్రపిండ వ్యాధి దానిని అటో ఇటో లాగుతాయి.

“అంతా నీళ్ళ మహిమ సార్, మాది కూడా ఉద్దానం అయితాండాది” అని పులివెందుల వైపు పల్లెల్లో అంటూ ఉంటారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతాల ప్రజలను పీడిస్తున్న జబ్బు వేరు. మధుమేహం లేని, బీపీ లేని వ్యవసాయ కూలీలకు కూడా అది వస్తుంది, మూత్రంలో అల్బుమిన్ అంతగా పోదు. మన దగ్గర బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య ఉన్న పల్లెలున్నాయి. శుభ్రమైన తాగునీరు కావాలని అడగడం ప్రజల హక్కు, అడగాలి. కాని పదేళ్ళుగా షుగర్, బీపీ ఉండి, మూత్రంలో అల్బుమిన్ ధారగా పోతున్న మనిషి నీళ్ళను తిట్టి మాత్రలు మానేస్తే నష్టపోయేది ఎవరు? నీటి మాట పక్కనపెట్టి చేతిలో ఉన్న కారణాలు చూసుకోవాలి. మగ్గం గుంటలో కూర్చుని మోకాళ్ళు పట్టేసిన నేతన్నలు, నడుము నొప్పితో బండలు మోసేవారు మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు ఈ మూడు ఊళ్ళలోనూ మూత్రపిండాలకు చేస్తున్న చేటు నేను కళ్ళారా చూశాను. మధుమేహానికని అమ్మే పేరులేని భస్మాలూ అంతే.

తొందరగా కనిపెడితే ఏమిటి లాభం అని అడుగుతారు. ముప్పై ఏళ్ళ క్రితం ఈ ప్రశ్నకు జవాబు బలహీనంగా ఉండేది. ఈనాడు అలా కాదు. లోసార్టాన్ అనే బీపీ మాత్ర మధుమేహులలో డయాలిసిస్ దాకా వెళ్ళే ప్రమాదాన్ని నాలుగో వంతుకు పైగా తగ్గిస్తుందని 2001లో తేలింది. మూత్రం ద్వారా చక్కెరను బయటకు పంపే గ్లిఫ్లోజిన్ మందులలో ఒకటి, అప్పటికే అలాంటి బీపీ మాత్ర వాడుతున్నవారిలో ముప్పును మరో 30 శాతం తగ్గించిందని 2019లో 4,400 మంది మీద జరిగిన ప్రయోగం చూపింది. ఫలితం అంత స్పష్టంగా ఉన్నందున ఆ ప్రయోగాన్ని గడువుకు ముందే ఆపారు. ఈ తరగతికి చెందిన డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025లో ముగిశాయి. దేశీయ కంపెనీల రాకతో ధర సామాన్యునికి అందుబాటులోకి వచ్చింది. 2019 ప్రయోగంలో చేర్చుకున్న ప్రతి ఒక్కరికీ మూత్రంలో అల్బుమిన్ ఎక్కువ ఉందని ముందే కొలిచి చూశారు. మనవారికి ఆ కొలతే లేకపోతే, ఈ మందు ఎవరికి తక్షణం అవసరమో తెలిసేదెట్లా?

ఈ మందులతో ఒక తికమక వస్తుంది, ముందే తెలుసుకోండి. ఇవి జల్లెడలోని ఒత్తిడిని తగ్గిస్తాయి గనుక మొదలుపెట్టిన కొన్ని వారాలలో క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. ముప్పై శాతం లోపు పెరిగి నిలిచిపోతే అది మామూలే, మందు పనిచేస్తున్నదనడానికి ఆనవాలు కూడా. ‘మాత్ర వేసుకున్నాక కిడ్నీ చెడిపోయింది’ అని భయపడి మానేసినవారు ఎందరో. అంతకు మించి పెరిగినా, పొటాషియం పెరిగినా వైద్యుడు ఆలోచిస్తాడు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో వీటిని తాత్కాలికంగా ఆపాలి. రంజాన్ రోజా, ఏకాదశి ఉపవాసం వంటివి పాటించేవారు ముందుగానే డాక్టరును సంప్రదించాలి. గర్భిణులు ఈ రెండు రకాలనూ వాడరాదు. నా వ్యాసం చూపించి షాపులో సొంతంగా కొనుక్కోకండి.

ప్రభుత్వానికి చెప్పవలసిన మాట ఒకటుంది. డయాలిసిస్ మీద ఉన్నవారికి మన రాష్ట్రం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. డయాలిసిస్ ఖర్చును కూడా 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ద్వారా భరిస్తోంది. వారానికి రెండు మూడుసార్లు కూలి మానుకుని, తోడు ఒక మనిషిని వెంటబెట్టుకుని బస్సెక్కే కుటుంబాలకు అది పెద్ద ఆసరా. ఆ సొమ్ము తగ్గించాలని నేను అనను. ఒక రోగికి ఒక్క నెల ఇచ్చే పింఛనుతో కొన్ని డజన్ల మందికి మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయవచ్చునని మాత్రం గుర్తు చేస్తున్నాను. పల్లెలకు వెళ్ళే 104 వాహనాలలో వేలు గుచ్చి షుగర్ చూస్తున్నారు, బీపీ చూస్తున్నారు. అదే వరుసలో ఒక మూత్రపు సీసా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక చిన్న యంత్రం, రిపోర్టు మీద ఈజీఎఫ్‌ఆర్ తప్పనిసరిగా అచ్చువేయాలన్న ఒక ఉత్తర్వు. ఈ మూడింటికీ పెద్ద భవనాలు, శిలాఫలకాలు అవసరం లేదు. బహుశా అందుకే ఎవరికీ పట్టలేదేమో.

అది వచ్చేదాకా ఆగకండి. ఈసారి షుగర్ పరీక్షకు వెళ్ళినప్పుడు ‘యూరిన్ ఏసీఆర్’ అని చీటీలో రాయించుకోండి. వారం రోజులుగా జ్వరం, మూత్రంలో మంట లేకుండా చూసుకుని, ఉదయపు మొదటి మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టి రెండు గంటలలోగా ల్యాబుకు చేర్చండి. వచ్చిన అంకెను, తేదీని, ఈజీఎఫ్‌ఆర్‌ను ఒకే కాగితం మీద రాసి ఫైలులో ముందు పేజీగా పెట్టుకోండి. మరుసటి ఏడాది అంకెను దాని కిందే రాయండి. మీ వైద్యుడు మారినా, ఊరు మారినా ఆ కాగితం వెంట ఉండాలి.